బెనిన్‌కు మొదటిసారి పోయేటోళ్ల కోసం: పత్తి పనికైనా, చూసి రావడానికైనా

వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల జిన్నింగు మిల్లుల్లో, అంటే పత్తి నుంచి గింజ తీసే మిల్లుల్లో, ఫిట్టర్‌గా పనిచేసినోన్ని నేను. పత్తి పని మీదనే బెనిన్ పోయొచ్చిన. ఇప్పుడు జమ్మికుంట నుంచి, పరకాల నుంచి పిల్లలు ఫోన్ చేసి “అన్నా, కాంట్రాక్టు వచ్చింది, ఆ దేశం ఎట్లుంటది, ఏమేం పట్టుకపోవాలె” అని అడుగుతున్నరు. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్తే సగం మర్చిపోతరు. అందుకే ఒక్క దగ్గర రాసి పెడుతున్న. ఊరికే చూసొద్దామని పోయేటోళ్లకు కూడా ఇందులో చానా మట్టుకు పనికొస్తది.

ముందుగాల దేశం ఎక్కడుందో తెలుసుకోండి. ఆఫ్రికాకు పడమటి దిక్కు, పడమర టోగో, తూర్పు నైజీరియా, ఉత్తరాన బుర్కినా ఫాసో, నైజర్, కింద సముద్రం. సముద్రపు ఒడ్డు కొంచెమే, అక్కడ్నుంచి పైకి సన్నగా, పొడుగ్గా పోతది. విస్తీర్ణం మన తెలంగాణ కంటే కొంచెమే ఎక్కువ. 1960 ఆగస్టు 1న ఫ్రెంచోళ్ల చేతుల నుంచి బయటపడ్డది. అప్పుడు పేరు దహోమీ, 1975లో బెనిన్ అని మార్చుకున్నరు. పేరుకు రాజధాని పోర్టో నోవో గానీ సర్కారు ఆఫీసులు, ఎయిర్‌పోర్టు, ఓడరేవు, బేరాలు అన్నీ కోటోనులోనే. టైము మనకంటే నాలుగున్నర గంటలు వెనక. మన ఇంట్ల రాత్రి అన్నం తినే యాళ్లకు అక్కడ ఇంకా సాయంత్రం కాలేదన్నట్టు. ఇంటికి ఫోన్ చేసే టైము ముందే చెప్పి పోతే అమ్మ, భార్య ఎదురుచూపులు తప్పుతయి.

టికెట్ కంటే ముందు సూది

అందరూ టికెట్ గురించి అడుగుతరు. నేను మాత్రం ఎల్లో ఫీవర్ సూది వేయించుకున్నవా అని అడుగుత. ఆ టీకా కార్డు లేకుంటే బెనిన్‌లోకి రానియ్యరు. హైదరాబాద్‌లో నారాయణగూడలో ఉన్న ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో వేస్తరు. పాస్‌పోర్టు పట్టుకొని పోవాలె. ఇది మామూలు ఆర్‌ఎంపీ దగ్గరనో, మన ఊరి మెడికల్ షాపులోనో అయ్యే పని కాదు. సర్కారు అనుమతించిన కేంద్రంలో వేసి పసుపుపచ్చ కార్డు మీద ముద్ర కొట్టాలె. సూది వేసిన పదో రోజు నుంచే కార్డు చెల్లుతది. అందుకే టికెట్ డేటుకు నెల ముందే ఈ పని చేసుకోండి. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతది, 2016 నుంచి ఇదే నియమం. గుడ్డు పడనోళ్లు, గర్భిణులు, అరవై ఏళ్లు దాటినోళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేటోళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలె. కార్డు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం అక్షరం ఉందా అని అక్కడనే నిలబడి చూసుకోండి. తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో కూడా ఇదే కార్డు అడుగుతరు. లేకుంటే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్లకుంది.

రెండోది మలేరియా. దీని మీద నేను కొంచెం గట్టిగానే మాట్లాడుత. “మన దగ్గర దోమల్లేవా, మనకు రాని మలేరియానా” అనే మాట మన పిల్లల నోట చానాసార్లు విన్న. మన దగ్గరి మాట వేరు, అక్కడి మాట వేరు. బెనిన్‌లో ఏడాది పొడుగునా, దేశమంతటా మలేరియా ఉంటది. ఎక్కువగా ఫాల్సిపారం రకం, మెదడుకెక్కి ప్రాణం తీసేది. క్లోరోక్విన్ దానికి పనిచేయదు. రాకుండ ముందే వేసుకునే మాత్రలున్నయి. డాక్సీసైక్లిన్ అయితే పోయే ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడున్నన్ని రోజులు వేసుకొని, వచ్చినంక నాలుగు వారాలు వేసుకోవాలె. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే వచ్చినంక ఏడు రోజులు చాలు, కానీ ధర ఎక్కువ. ఏది ఎవరికి పడతదో డాక్టరే చెప్పాలె, మిత్రుడు వేసుకున్నడని మీరు వేసుకోవద్దు. మాత్రలు వేసుకున్నా దోమతెర కట్టుకోండి. సాయంత్రం కాంగనే పొడుగు చేతుల అంగీ, చేతులకు కాళ్లకు దోమల మందు. జ్వరం వస్తే “రేపు చూద్దాం” అనొద్దు, అదే రోజు రక్త పరీక్ష చేయించుకోండి.

వానల్లేని కాలంలో ఉత్తరం దిక్కు పోయేదుంటే మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) టీకా గురించి కూడా డాక్టరును అడగండి. బీపీకి, షుగరుకు మందులు వాడేటోళ్లు ఉన్నన్ని రోజులకు సరిపడా, చీటీతో సహా, చేతి సంచిలోనే పెట్టుకోవాలె.

కాగితాలు

వీసా ఆన్‌లైన్‌లో దొరుకుతది. బెనిన్ సర్కారు సొంత సైటు ఉంది, అందులోనే కట్టండి. మధ్యలో ఏజెంటు సైట్లు చానా ఉన్నయి, అవి వద్దు. ముప్ఫై రోజులది, తొంభై రోజులది ఉంటయి. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలలు మించి గడువుండాలె. చూసి రావడానికి ఇచ్చిన వీసా మీద మిల్లులో పని చేయొద్దు. పనికైతే కంపెనీయే అక్కడ పని అనుమతి తీయాలె, ఆ సంగతి కాంట్రాక్టు కాగితంలో రాయించుకోండి. రానుపోను టికెట్ ఎవరిది, దవాఖాన ఖర్చు ఎవరిది, పని మధ్యలో ఆగిపోతే వెనక్కి పంపేదెవరు, ఈ మూడు కాగితం మీద లేకుంటే సంతకం పెట్టొద్దు. పంపుతనన్న ఏజెంటుకు లైసెన్సు ఉందా లేదా అన్నది భారత సర్కారు ఇ-మైగ్రేట్ సైటులో చూసుకోవచ్చు. అక్కడికి పోయినంక పాస్‌పోర్టు ఎవ్వరి చేతిలో పెట్టి మర్చిపోవద్దు. నకలు జేబులో, అసలు తాళమేసిన పెట్టెలో.

విమానం మనకు నేరుగా లేదు. ముంబై నుంచి అడిస్ అబాబా మీదుగా పోయే దారి మనోళ్లకు అలవాటైంది. పారిస్, ఇస్తాంబుల్ మీదుగా కూడా పోవచ్చు గానీ పారిస్ దారిలో పోతే ట్రాన్సిట్ వీసా కావాల్నా అన్నది టికెట్ కొనకముందే అడగండి.

పైసలు, ఫోన్

అక్కడ నడిచేది సేఫా ఫ్రాంక్. ఇది యూరోకు కట్టేసిన డబ్బు: ఒక యూరోకు 655.957 సేఫా, ఈ లెక్క మారదు. అందుకే డాలర్ల కంటే యూరోలు తీసుకపోతే లెక్క సులువు. మన రూపాయలు అక్కడ మార్చరు. బ్యాంకుల ముందు ఏటీఎంలు ఉంటయి, ‘వీసా’ కంపెనీ గుర్తున్న ఏటీఎం కార్డు ఎక్కువ చోట్ల పనిచేస్తది. బ్యాంకుకు ముందే చెప్పి కార్డును విదేశంలో వాడకానికి తెరిపించుకోండి.

అసలు ఇబ్బంది చిల్లరతోని వస్తది. ఏటీఎం పదివేల నోటు ఇస్తది. ఆ నోటు పట్టుకొని పొద్దున్నే బండి మీద తినుబండారం అమ్మే అమ్మ దగ్గరికి పోతే ఆమె ఎక్కడ తెస్తది చిల్లర? పెద్ద దుకాణంలో, పెట్రోలు బంకులో పెద్ద నోట్లు మార్చుకొని, ఐదు వందలు, వెయ్యి నోట్లు, నాణేలు వేరే జేబులో పెట్టుకోండి. రోజంతా దాని మీదనే బతుకుతరు. అక్కడి సిమ్ తీసుకుంటే మొబైల్ మనీ వాడొచ్చు. ఎంటీఎన్, మూవ్ అని కంపెనీలు ఉంటయి. పాస్‌పోర్టు చూపిస్తే సిమ్ ఇస్తరు. కరెంటు మన లెక్కనే 220 వోల్టులు. మన సెల్ ఛార్జరు సన్నటి రెండు పిన్నులది అక్కడి సాకెట్లో పడతది, లావు మూడు పిన్నులది పడదు. ల్యాప్‌టాప్ ఉంటే అడాప్టరు కొనుక్కపోండి.

పలకరింపు

ఇది నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే సంగతి. ఫ్రెంచి రాదని భయపడకండి, కానీ పలకరింపు రాకుండ మాత్రం పోవద్దు. అక్కడ దుకాణంకు పోయి నేరుగా “అది ఎంత?” అంటే మొహం మాడ్చుకుంటరు. ముందు “బోంజూర్” అనాలె, మధ్యాహ్నం దాటినంక “బోన్‌స్వార్” అనాలె, ఎట్లున్నరని అడగాలె, ఇంట్ల మంచేనా అని అడగాలె. ఆ తర్వాత బేరం. మన ఊర్లల్ల పెద్దమనిషి ఎదురైతే “మంచిదేనా కాకా” అనకుండ ముందుకు పోతమా? అది మరువని మనిషికి అక్కడ పని సులువైతది. పొద్దున్నే మిల్లు గేటు కాడ వాచ్‌మన్‌ను, ఊడ్చే అక్కను, డ్రైవరును ఒక్కొక్కరిని పలకరించుకుంట పోండి. బెనిన్ దక్షిణం దిక్కు జనం ఎక్కువగా ‘ఫోన్’ అనే భాష మాట్లాడుతరు, మన సెల్‌ఫోన్ కాదు, ఆ భాష పేరే అది. పొద్దున “ఆ ఫోన్ గాన్‌జీ ఆ” అని ఒక్క మాట అంటే ఆ మొహాల్లో వచ్చే సంబరం మీరే చూస్తరు. థాంక్స్ చెప్పాలంటే “ఆ వాను”. ఫ్రెంచిలో “కోంబియాఁ” అంటే ఎంత, “సె త్రో షేర్” అంటే ధర ఎక్కువైంది, “మెర్సీ” ఎట్లాగూ తెలుసు. ఇయ్యడం, తీసుకోవడం, తినడం కుడిచేతితోనే. ఇది మనకు నేర్పాల్సిన పని లేదు. పిల్లలు “యోవో, యోవో” అని వెంబడి అరుస్తరు. పై దేశపోన్ని పిలిచే మాట అది, కోపం తెచ్చుకోవద్దు, చెయ్యి ఊపండి.

ఫోటోలు మాత్రం అడిగి తీయండి. ఎయిర్‌పోర్టు, మిలిటరీ, పోలీసు, సర్కారు భవనాల దిక్కు ఫోన్ ఎత్తనే ఎత్తొద్దు.

తిండి

మక్క పిండి ఉడకబెట్టి గట్టిగా చేసే ముద్దను అక్కడ పాత్ అంటరు. మక్క గట్క తిని పెరిగినోళ్లకు అది కొత్త కాదు. టమాటా రసంలో కలిపి ఉడికిస్తే ఎర్రటి ముద్ద, దాన్ని అమీవో అంటరు. కోడికూరతో పెడతరు, నాకు అన్నిట్ల అదే ఇష్టం. పులియబెట్టిన మక్క పిండిని ఆకులో చుట్టి అకాసా చేస్తరు. ఉత్తరం దిక్కు పోతే యామ్ గడ్డ ఉడికించి రోట్లో దంచి పెడతరు. రోకటి పోట్ల చప్పుడు విని ఆ హోటల్ ఎక్కడుందో పట్టుకోవచ్చు. బొబ్బర్లు, బియ్యం కలిపి వండిన అతాసీ పొద్దున్నే దొరుకుతది, కడుపు నింపుతది. బొబ్బర పిండితో వేసే గారెల్లాంటివి కూడా బండ్ల మీద ఉంటయి. బెండకాయ జిగురుతో కూర చేస్తరు. కారం తక్కువ అనుకోకండి. పక్కన చిన్న గిన్నెలో పెట్టే మిరపకాయ నూరుడు మన గుంటూరు కాయ కంటే ఘాటు, ముందు వేలి కొసతో చూడండి.

శాకాహారులకు కష్టమే. కూర చూడ్డానికి ఆకుకూర లెక్కనే ఉంటది, అడుగున ఎండు చేప ఉంటది. “సాఁ వియాంద్, సాఁ పువాసోఁ” అని, మాంసం వద్దు చేప వద్దు అని రెండూ చెప్పాలె, ఒక్కటి చెప్తే రెండోది వేస్తరు. వాళ్లకు దొరికే మంచి దారి వాగాషీ. ఫులానీ పశువుల కాపర్లు ఆవుపాలతో చేసే జున్ను అది, పన్నీరులాగా ముక్కలు కోసి వేయిస్తరు, కూరలో వేస్తరు. జొన్న ఆకుల రంగుతో పైన ఎర్రగా ఉంటది. పండిన అరటికాయ వేపుడు, అలోకో, అంతటా దొరుకుతది. పప్పు, పచ్చడి, కారంపొడి మాత్రం మన ఇంటి నుంచే పట్టుకపోవాలె; పచ్చడి డబ్బా నూనె కారకుండ రెండు కవర్లల్ల చుట్టండి. నీళ్లు సీలు ఉన్న సీసావే తాగండి, పొసొటొమే అని అక్కడి మినరల్ వాటర్ ఉంటది.

రోడ్డు మీద

కోటోనులో తిరగాలంటే జెమిజాన్. మోటార్ సైకిల్ టాక్సీ అది, నడిపేటోళ్లు పసుపు అంగీలు వేసుకుంటరు, అంగీ మీద నంబరు ఉంటది. ఎక్కకముందే ధర మాట్లాడుకోండి, పోయే చోటుకు దగ్గరున్న పెద్ద గుర్తు చెప్పండి, ఇంటి నంబర్లు పనికిరావు. హెల్మెట్ మీదే తీసుకపోండి. చీకటి పడితే జెమ్ ఎక్కొద్దు, కారు టాక్సీ మాట్లాడుకోండి. అక్కడ బండ్లు రోడ్డుకు కుడిదిక్కు నడుస్తయి. రోడ్డు దాటేటప్పుడు మన మెడ అలవాటుగా తప్పు దిక్కు తిరుగుతది, రెండు దిక్కులా చూడండి. రోడ్డు పక్కన బల్లల మీద గాజు సీసాల్లో పెట్రోలు అమ్ముతుంటరు. నైజీరియా నుంచి దొంగతనంగా వచ్చే పెట్రోలు అది, పేరు క్పాయో. దాని పక్కన నిలబడి బీడీ ముట్టించకండి.

సముద్రం చూడంగనే దుంకుదామనిపిస్తది. వద్దు. ఆ ఒడ్డున అలల లాగుడు చానా గట్టిది, ఈత వచ్చినోన్ని కూడా లోపలికి గుంజుతది.

పత్తి సంగతి

మన జిన్ ఫిట్టర్లకు ఒక మాట. మన దగ్గర ఎక్కువ డబుల్ రోలర్ జిన్నులు: తోలు రోలరు, కత్తి, మన చెయ్యి వాటికి అలవాటు పడ్డది. అక్కడ ఎక్కువ సా జిన్నులు. రంపపు పండ్ల చక్రాలు వరుసగా తిరుగుతుంటే రిబ్బుల (ఇనుప పట్టీల) సందులోంచి దూది అవతలికి పోతది, గింజ ఇవతల రాలుతది. చక్రానికి, రిబ్బుకు మధ్య సందు కొంచెం తప్పితే పోగు తెగుతది, నిప్పురవ్వ లేస్తది. దూదిలో నిప్పురవ్వ అంటే ఏందో మీకు చెప్పనక్కర లేదు. పోకముందు సా జిన్ మీద చెయ్యి తిప్పుకొని పోండి. బేరం కూడా మన లెక్క కాదు. ఎనుమాములలో బస్తా కాడ తేమ చూసి లాటుకో ధర పలుకుతది. అక్కడ సీజన్ మొదట్ల సర్కారు ధర చెప్తది, దేశమంతా అదే ధర. పంట వానల మీదనే, కోత అక్టోబరు, నవంబరు నుంచి. మిల్లుల్లో పని జోరుగా ఉండేది ఆ తర్వాత నెలల్లోనే. ఆ రోజుల్లో ఎడారి దిక్కు నుంచి హర్మటాన్ గాలి దుమ్ము మోసుకొస్తది, పెదవులు పగులుతయి. వాజిలైన్, ముక్కుకు గుడ్డ పెట్టుకపోండి.

ఆఫ్రికాలో పత్తి ఎక్కువ పండించే దేశాల్లో బెనిన్ ముందు వరుసలో ఉంది. అయినా కోటోనులో డాంటోక్పా అంగట్ల రంగురంగుల వాక్స్ బట్ట (మైనపు అద్దకం నూలు బట్ట) అడిగితే ఎక్కువ భాగం హాలెండు నుంచో, చైనా నుంచో వచ్చిందే. 1934లో పెట్టిన మన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు మూతబడ్డ సంగతి తెలిసినోన్ని కాబట్టి ఆ అంగట్ల నిలబడితే నాకు మనసుల కలుక్కుమన్నది. ఇప్పుడు కోటోనుకు ఉత్తరాన గ్లో-జిగ్బే అనే చోట పెద్ద పారిశ్రామిక వాడ కట్టి, దూదిని అక్కడనే నూలుగా, బట్టగా, అంగీలుగా చేస్తున్నరు. జీడిగింజలు కూడా పచ్చిగా బయటికి పంపుడు 2024 ఏప్రిల్ నుంచి ఆపేసిన్రు. మనోళ్లకు పనులు దొరికేది ఎక్కువగా ఇసొంటి చోట్లనే.

ఇంకో గట్టి మాట. పత్తి ఎక్కువ పండేది ఉత్తరాన, బానికొవారా, కాండి దిక్కు. ఆ పైనే పెంజారి, డబ్ల్యూ అనే అడవులు, బుర్కినా, నైజర్ సరిహద్దు. అక్కడ సాయుధ ముఠాల దాడులు జరుగుతున్నయి. 2019లో పెంజారిలో ఇద్దరు ఫ్రెంచి యాత్రికులను ఎత్తుకపోయి, వాళ్ల గైడును చంపిన్రు. పని దక్షిణం దిక్కు బోహికోన్ ఊరి దాకా అయితే సరే. అంతకంటే పైకి పంపుతమంటే రాతపూర్వకంగా అడగండి, విదేశాంగ శాఖ సూచనలు చూడండి, జీతం ఎక్కువిస్తమన్నా తొందరపడి ఒప్పుకోవద్దు.

రెండు మూడు రోజులు మిగిల్చుకోండి

చానామంది ఎయిర్‌పోర్టు, గెస్ట్‌హౌజు, మిల్లు, మళ్లీ ఎయిర్‌పోర్టు అని వచ్చేస్తరు. అట్ల రావొద్దు. కోటోను పక్కనే నొకూవే చెరువు మీద గాన్వియే అనే ఊరుంది. ఇండ్లన్నీ నీళ్ల మీద కర్రలు నాటి కట్టుకున్నయే. బానిసలుగా పట్టుకపోయే దహోమీ సైనికుల నుంచి తప్పించుకోవడానికి పోయి నీళ్ల మీద ఊరు కట్టుకున్నరు వాళ్ల పెద్దలు. అబోమే-కలావి రేవు కాడ పడవ దొరుకుతది. పోతుంటే చెరువులో గుంపులు గుంపులుగా కొమ్మలు నాటి కనపడతయి. ఆ కొమ్మల మధ్య చేపలు చేరి పెరుగుతయి, తర్వాత చుట్టూ వల కట్టి పడతరు.

ఉయిదా కోటోనుకు పడమర నలభై కిలోమీటర్లు. ఊర్లోంచి సముద్రం దాకా ఒక దారి, బానిసలుగా పట్టిన మనుషులను గొలుసులేసి నడిపించిన దారి. చివర్ల ఒడ్డున 1995లో కట్టిన పెద్ద తోరణం ఉంది, తిరిగిరాని దారికి గుర్తుగా. ఆ దారి బండి మీద పోవద్దు, నడవండి. గైడు చెప్పేది వినండి, అక్కడ నవ్వుకుంట సెల్ఫీలు దిగొద్దు.

అదే ఊర్లో కొండచిలువల గుడి ఉంది, దానికి ఎదురుంగనే పెద్ద చర్చి. వోడున్ అక్కడి జనం మొక్కు. మనోళ్లు కొందరు దాన్ని చేతబడి అంటరు, నాకు ఆ మాట పడదు. మేడారం గద్దెల కాడ విగ్రహం లేకుండనే కోటిమంది మొక్కుతరు, శివసత్తులు పూనకమొచ్చి ఊగుతరు. అది చూసి పెరిగినోళ్లకు వోడున్ గద్దె ముందర ఎట్ల నిలబడాల్నో ఎవ్వరూ నేర్పనక్కర లేదు. 2024 దాకా జనవరి 10 వాళ్ల పండుగ సెలవు; ఇప్పుడు జనవరిలో రెండో శుక్రవారం, దానికి ముందు గురువారం దేశమంతా సెలవు. ఎగుంగున్ వేషాలు వస్తే పక్కకు జరగండి. అవి చచ్చిపోయిన పెద్దల రూపాలని వాళ్ల నమ్మకం. ఆ బట్ట అంచు మీకు తాకొద్దు, మీరు తాకొద్దు.

టైముంటే అబోమే కూడా పోండి. దహోమీ రాజుల మట్టి కోటలు అక్కడున్నయి, 1985 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నయి. గోడల మీద మట్టితో తీర్చిన బొమ్మల్లో ఒక్కో రాజుకు ఒక్కో గుర్తు, ఫ్రెంచోళ్లతో కొట్లాడిన బెహాంజిన్‌ది సొరచేప. ఆయనను పట్టి మార్టినీక్ దీవికి పంపిన్రు, 1906లో అల్జీర్స్‌లో చచ్చిపోయిండు. అప్పుడు ఫ్రెంచోళ్లు ఎత్తుకపోయిన రాజుల వస్తువుల్లో 26 మాత్రం 2021 నవంబరులో తిరిగొచ్చినయి. మన రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చింది కూడా అదే ఏడాది. ఈ మాట నేను ఒక గైడుకు చెప్తే ఫోన్‌లో రామప్ప ఫోటో చూపించుమని అడిగిండు, ఆ నల్లరాతి బొమ్మలను వేళ్లతో పెద్దగ చేసుకుంట చానా సేపు చూసిండు. ఫోన్‌లో మన గుడి, మన కోట, మన పత్తి చేను ఫోటోలు పెట్టుకపోండి. భాష రాని కాడ అవే మాట్లాడుతయి.

ఇంటివాళ్లకు ఏం తేవాలంటే బట్ట తేండి. డాంటోక్పాలో వాక్స్ బట్ట ఆరు గజాల లెక్కన అమ్ముతరు. మడత విప్పించి, రెండు వైపులా రంగు ఒక్కతీరుగా ఉందా చూడండి. మంచి బట్టకు ముందూ వెనకా తేడా తెలియదు. నూలుదేనా అని వేళ్ల మధ్య రుద్ది చూడండి, మన చేతికి ఎట్లాగూ తెలుస్తది.

ఇంటికి వచ్చినంక మలేరియా మాత్రలు మధ్యలో ఆపొద్దు, డాక్టరు చెప్పిన చివరి రోజు దాకా వేసుకోండి. తర్వాత కొన్ని నెలల దాకా ఎప్పుడు జ్వరం తగిలినా వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానకు పోతరో, ప్రైవేటుకు పోతరో, కుర్చీల కూర్చోంగనే మొదటి మాటగా “నేను పశ్చిమ ఆఫ్రికా పోయొచ్చిన” అని చెప్పండి, మలేరియా పరీక్ష అడిగి చేయించుకోండి. ఇంట్లోళ్లకు కూడా ఈ మాట చెప్పి పెట్టండి. జ్వరం ఎక్కువైతే మీరు చెప్పే స్థితిల ఉండకపోవచ్చు, అప్పుడు వాళ్లు చెప్పాలె.